కలనగణితము: పునాది చాలని మేడ

ఇంటర్మీడియెట్ పరీక్షలో గణితమున నూటికి తొంబదికి మించి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, విశ్వవిద్యాలయమున 'వాస్తవ విశ్లేషణ' అను పాఠ్యభాగము ఎదురుకాగానే తడబడుట కలదు. తనకు గణితము అబ్బదేమోనని దిగులుపడి, చదువు మార్చుకొనువారును కలరు. నిజమునకు వారియందు కొరవడినది బుద్ధి కాదు. సూత్రములు వారికి కంఠస్థములే; ఆ సూత్రములు దేనిపై నిలిచియున్నవో తెలిసికొనుటకే వారికి అవకాశము చిక్కలేదు.

కలనగణితమునకు మూలమైన భావమును 'అవధి' అందురు. ఎత్తునుండి జారవిడిచిన రాతిని ఉదాహరణముగా తీసికొందము. గాలి నిరోధమును లెక్కింపనిచో, గడచిన సెకన్ల వర్గమును 4.9 చే గుణించినన్ని మీటర్లు అది పడును. సరిగా ఒక సెకను ముగిసిన క్షణమున దాని వేగమెంత? 1 నుండి 2 సెకన్ల వరకు సగటు వేగము సెకనుకు 14.7 మీటర్లు. 1 నుండి 1.1 వరకు 10.29; 1.01 వరకు 9.849, 1.001 వరకు 9.8049. వ్యవధి తగ్గినకొలది ఈ సంఖ్యలు 9.8 ని సమీపించుచున్నవి. వ్యవధిని పూర్తిగా సున్న చేసితిమా, సున్నను సున్నచే భాగింపవలసివచ్చును. అది అర్థము లేని పని. వ్యవధిని సున్న చేయకుండగనే, సగటు వేగమును మనము కోరినంత దగ్గరగా ఏ సంఖ్యకు చేర్చగలమో, ఆ 9.8 యే అవధి.

ఈ సూక్ష్మమును తేటపరచుటకు మహామేధావులకే సుమారు నూటయేబది సంవత్సరములు పట్టినది. 17వ శతాబ్దిలో న్యూటన్, లైబ్నిట్జ్ వేరువేరుగా కలనమును నిర్మించిరి. గ్రహగతులను గణించుటలో అది అద్భుతముగా పనిచేసెను. కాని ఒక రాశిని సున్న కాదని చెప్పి దానిచే భాగించి, పిమ్మట సున్నయే యని కొట్టివేయుట ఏ తర్కమని 1734లో బర్క్లీ అను క్రైస్తవ మతాచార్యుడు నిలదీసెను. 1821లో ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ అవధిని ఆధారముగా చేసికొని కలనమును తిరిగి కట్టెను. అంతటి కోషీయే అదే గ్రంథమున, అవిచ్ఛిన్న ప్రమేయములను అనంతముగా కూడగా వచ్చు మొత్తము కూడ అవిచ్ఛిన్నమే యగునని వ్రాసెను. 1826లో, అప్పటికి పాతికేండ్లైనను నిండని నార్వే యువకుడు ఆబెల్, ఈ నియమమునకు లొంగని శ్రేణిని చూపెను.

అనంతముతో వ్యవహరించునప్పుడు మన అలవాట్లు మనలను మోసగించును. పచారీ కొట్టు పద్దులో పప్పును ముందు వ్రాసినను, బెల్లమును ముందు వ్రాసినను మొత్తము మారదు గదా! ఇప్పుడు ఒకటి, అందుండి అర తీసివేత, మూడవవంతు కూడిక, నాలుగవవంతు తీసివేత, ఇట్లు అంతులేక సాగు శ్రేణిని చూడుడు. దాని మొత్తము సుమారు 0.693. అవే సంఖ్యలను, ఒక కూడికకు వెంట రెండు తీసివేతలు వచ్చునట్లు పేర్చినచో, మొత్తము సరిగా సగమగును. అనగా సుమారు 0.347. ఇట్టి శ్రేణిని తగినట్లు పేర్చి, కోరిన ఏ సంఖ్యనైనను మొత్తముగా రాబట్టవచ్చునని జర్మన్ గణితజ్ఞుడు రీమాన్ నిరూపించెను. అవధి అననేమో తెలియని విద్యార్థికి ఇది ఇంద్రజాలము. తెలిసినవానికి ఆలోచన పుట్టించు సత్యము.

అవకల సమీకరణములు, సంభావ్యతా సిద్ధాంతము, సంకీర్ణ విశ్లేషణ, ఇవన్నియు ఈ పునాదిపైన లేచిన అంతస్తులే. కావున పై తరగతికి పోవు విద్యార్థి తన్ను తాను కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఒక వక్రము ఎచ్చటను తెగకుండ సాగియు, ఒకచోట స్పర్శరేఖ లేకుండ ఉండగలదా? గొడుగు కొనవలె రెండు సరళరేఖలు కోణముగా కలిసిన చోటు చూచిన సమాధానము తోచును. వైశాల్యమును కనుగొను సమాకలనమునకు, మార్పు వేగమును కనుగొను అవకలనము విలోమమేల? వక్రము క్రింది వైశాల్యము ఏ వేగమున పెరుగునో, ఆ చోట వక్రము ఎత్తు అంతయే గనుక. ఈ సంగతులను పుస్తకము చూడక, తన మాటలలో తమ్మునికో చెల్లెలికో చెప్పగలిగినవాడు ముందుకు సాగవచ్చును.

నాలుగు సమాధానములలో ఒకదానిని నిమిషములో గుర్తింపుమను ప్రవేశపరీక్షలు చురుకుదనమును కొలుచును గాని, ఈ అవగాహనను అంతగా కొలువవు. తల్లిదండ్రులు పిల్లలను ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటతో ఆగక, ఈ సూత్రము ఎట్లు వచ్చినదని కూడ అడుగుచుండవలెను. సమాధానము వారికి తెలియకపోయినను నష్టము లేదు. ఆ ప్రశ్నయే పిల్లవానిని పుస్తకపు మొదటి ప్రకరణమునకు మరల పంపును. అచ్చట గడపిన ఒక నెల, పై చదువులో ఒక సంవత్సరమును మిగుల్పగలదు.