కొండెక్కనంటోందా... కారణం గోరంతే!

బ్యాటరీతో నడిచే సైకిల్ దారిలో ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు తప్పు చిన్నదే. అయితే, చెయ్యి పెట్టకూడని చోటు కూడా ఒకటుంది!

నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి దగ్గర 44వ జాతీయ రహదారి అడవిని ఆనుకుని సాగుతుంది. ఆ చుట్టుపక్కల ఎగుడుదిగుడు దారుల్లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ఎక్కితే ఆ హాయే వేరు. కాలు కాస్త కదిపితే చాలు, మిగతా పని మోటారు చూసుకుంటుంది. తీరా ఎత్తు మొదలయ్యేసరికి... టప్‌మని ఆగిపోతే? అప్పుడు తెలుస్తుంది బండి బరువెంతో! మామూలు సైకిల్‌ను ఎలాగోలా తోసుకొస్తాం. బ్యాటరీ, మోటారు మోస్తున్న ఈ బండి ఇరవై కిలోలు దాటుతుంది మరి.

చిన్న ఊళ్లలో వీటిని బాగుచేసే మెకానిక్ అన్నిచోట్లా దొరకడు. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. అందుకోవాల్సిందే. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి.

అసలు వెలగనే లేదా?

ముందు బ్యాటరీని బయటికి తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. గతుకుల దారిలో అది ఒక పిసరు కదిలినా కరెంటు అందదు. కాంటాక్టుల మీద దుమ్ము, చిలుము ఉంటే పొడిగుడ్డతో తుడవండి. రెండు కాంటాక్టులకూ ఒకేసారి ఇనుప వస్తువు తగలనివ్వకండి, నిప్పురవ్వలు లేస్తాయి. కొన్ని బండ్లకు బ్యాటరీ మీద విడిగా స్విచ్చు, ఫ్యూజు ఉంటాయి. వాటినీ చూడండి.

ఆ తర్వాత ఛార్జర్. చాలా ఛార్జర్లకు ఛార్జింగ్ అవుతుంటే ఎర్రలైటు, నిండాక పచ్చలైటు వెలుగుతాయి. బ్యాటరీ ఖాళీగా ఉన్నా పెట్టగానే పచ్చలైటే కనిపిస్తే కరెంటు లోపలికి వెళ్లడం లేదన్నమాట. అసలు లైటే రాకపోతే ముందు గోడకున్న ప్లగ్గును అనుమానించండి!

వెలుగుతుంది... కదలదు!

డిస్‌ప్లే వెలుగుతున్నా మోటారు తిరగడం లేదంటే మొదటి అనుమానం బ్రేకు మీదే. బ్రేకు నొక్కగానే మోటారు ఆగేలా చాలా బండ్లలో లీవర్ దగ్గర చిన్న స్విచ్చు ఉంటుంది. లీవర్ పూర్తిగా వెనక్కి రాకపోతే, మనం బ్రేకు వేసే ఉన్నామని బండి అనుకుంటుంది.

రెండోది పెడల్ దగ్గరి సెన్సర్. చాలా రకాల్లో అయస్కాంతాలున్న చక్రం ఒకటి దాని పక్కనే తిరుగుతుంటుంది. అక్కడ బురద పేరుకున్నా, ఎడం పెరిగినా మనం తొక్కుతున్న సంగతి మోటారుకు తెలియదు.

ఇక మూడోది, పంక్చర్ వేయించాక వచ్చే తంటా. చక్రంలోనే మోటారుండే బండ్లకు చక్రం ఊడదీసేటప్పుడు వైరు కనెక్టర్ విప్పుతారు. తిరిగి పెట్టేటప్పుడు అది చివరిదాకా దిగదు. బాణం గుర్తులుంటే రెండూ ఎదురెదురుగా పెట్టి నొక్కండి... అంతే!

గంటకు 25 కిలోమీటర్లు రాగానే మోటారు సాయం తగ్గిపోతోందా? అది లోపం కాదు. ఈ సైకిళ్లకు సాధారణంగా పెట్టే వేగ పరిమితి అదే.

ఎత్తులోనే ఎందుకిలా?

36 వోల్టుల బ్యాటరీలో పది సెల్స్ వరసగా ఉంటాయి. నిండుగా ఉంటే మొత్తం 42 వోల్టులు చూపిస్తుంది. దాదాపు 30కి పడిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ సరఫరా ఆపేస్తుంది. ఎత్తెక్కేటప్పుడు మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు వోల్టేజీ కుంగుతుంది. సగం ఖాళీ అయిన, పాతబడ్డ బ్యాటరీ అక్కడే చేతులెత్తేస్తుంది. కాసేపాగితే మళ్లీ వెలగడానికి కారణం కూడా ఇదే. కాబట్టి ఎత్తుకు ముందే తేలిక గేరులోకి మారండి. మోటారు సాయం కాస్త తగ్గించి, మీరూ తొక్కండి. మోటారు కాలిపోయేంత వేడెక్కితే నీడన ఆపి చల్లారనివ్వండి. నిండా ఛార్జింగ్ పెట్టినా ఇదే వరస అయితే సెల్స్ నీరసించాయన్నమాట. ఇక సర్వీసు కేంద్రానికి వెళ్లాల్సిందే.

ఆ పెట్టె మాత్రం తెరవొద్దు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోని ఒక ఇంట్లో రాత్రిపూట ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలింది. 80 ఏళ్ల పెద్దాయన ప్రాణం పోయింది. కాపాడబోయిన కుటుంబసభ్యులకూ గాయాలయ్యాయి. ఆ వెంటనే విజయవాడలోనూ అలాంటి ఘోరమే జరిగింది. తర్వాత కేంద్రం ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల బ్యాటరీ పరీక్షల నిబంధనలను 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో కఠినం చేసింది. అవి స్కూటర్ బ్యాటరీలు. సైకిల్‌ది చిన్నదే అయినా లిథియం అయాన్ గుణం ఎక్కడైనా ఒకటే. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్స్‌కూ నిప్పంటుతుంది.

అందుకే బ్యాటరీ డబ్బా విప్పడం, రక్షణ సర్క్యూట్‌ను తప్పించి వైర్లు కలపడం, వేరే బండి ఛార్జర్ పెట్టడం... ఈ మూడూ వద్దు. ఉబ్బినా, వాసన వచ్చినా, కింద పడి సొట్టపోయినా దాన్ని ఇక వాడకూడదు.

గుర్తుంచుకోండి!

* తొక్కి రాగానే ఛార్జింగ్ పెట్టొద్దు. చల్లారాక పెట్టండి.

* అందరూ పడుకున్నాక ఛార్జింగ్ వద్దు. మంచాల దగ్గర, గుమ్మానికి అడ్డంగా అసలే వద్దు.

* పసుపు కొమ్ములు ఎండే ఎండ బ్యాటరీకి పనికిరాదు. నీడన ఉంచండి.

* బురద కడిగేటప్పుడు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టకండి. తడిగుడ్డ చాలు.

* కొన్ని వారాలు వాడకపోతే సగం ఛార్జింగ్‌తో ఉంచండి.

* పొగ వస్తే బండి సంగతి మర్చిపోండి. అందరినీ బయటికి తీసుకొచ్చి 101కి ఫోన్ చేయండి.

వైరు, స్విచ్చు, ప్లగ్గు... వీటిని ఓపిగ్గా వెతికితే మోటారు మళ్లీ తిరుగుతుంది. బ్యాటరీ లోపలి జబ్బుకు మాత్రం ఇంటి వైద్యం వద్దు!