ఉపరితలం మీద ప్రదక్షిణం

లీక్స్‌లిప్‌లో కాపురముంటున్న తెలుగువాళ్ళకి రెండు విషయాలు బాగా తెలుసు. ఊరి అంచున ఉన్న ఇంటెల్ వారి చిప్‌ల కర్మాగారం ఒకటి. లూయీసా బ్రిడ్జ్ స్టేషన్లో డబ్లిన్ రైలెక్కితే దారి పొడుగునా మన పక్కనే వచ్చే రాయల్ కాలువ రెండోది. ఈ రెండింటికీ దూరపు చుట్టరికం ఒకటుంది. దాన్ని కాస్త తెలుగులో చెప్పాలని ఈ ప్రయత్నం.

దీనికి కారణం మా అమ్మాయి. ఒకరోజు బడి నుంచి వచ్చి, "నాన్నా, ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఉంటుందట కదా! నిజంగా బొంగరంలా తిరుగుతుందా? తిరిగితే దానితో మనకేం పని?" అని అడిగింది. మొదటి ప్రశ్నకి "తిరగదు" అని చెప్పి ఊరుకున్నాను. రెండోదానికి ఇంగ్లీషులో ఏదో చెప్పెయ్యగలను గాని, తెలుగులో మాటలు వెతుక్కోవలసి వచ్చింది. అలా దొరికిన మాటలే ఇవి.

కాలువ గట్టున గుణకారం

అసలు "ఎలక్ట్రాన్" అన్న పేరు పెట్టినవాడు ఐర్లండు శాస్త్రవేత్త జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ. 1891లో, అంటే ఆ కణం ప్రయోగశాలలో పట్టుబడక ముందే, విద్యుదావేశపు కనీస పరిమాణానికి ఆయన ఆ పేరు వాడాడు. అంతకన్నా ముందు కథ మన కాలువ గట్టునే జరిగింది. డబ్లిన్‌లో విలియం రోవన్ హామిల్టన్ అనే గణితజ్ఞుడుండేవాడు. మూడేసి అంకెల జట్లని ఎలా గుణించాలో ఆయనకి తెగలేదు. పొద్దున్నే పలహారానికి దిగగానే కొడుకులు "నాన్నా, గుణకారం వచ్చిందా?" అని అడిగేవారనీ, కూడికా తీసివేతే వచ్చాయని తల అడ్డంగా ఊపేవాడిననీ ఆయనే తరవాత ఉత్తరంలో రాసుకున్నాడు. 1843 అక్టోబరు 16న భార్యతో కాలువ గట్టున నడుస్తుండగా, మూడు చాలవు, నాలుగు కావాలని తట్టింది. ఆ సూత్రాన్ని బ్రూమ్ వంతెన రాయి మీద చాకుతో గీశాడు. ఆ గీత ఇప్పుడు లేదు. 1958లో పెట్టిన ఫలకం ఉంది. మన రైలు ఆగే బ్రూమ్‌బ్రిడ్జ్ స్టేషన్ దాని పక్కనే.

ఆ గుణకారంలో వింత ఏమిటంటే, వరస మారిస్తే గుర్తు మారుతుంది. 1927లో పౌలీ ఎలక్ట్రాన్ స్పిన్‌కి రాసిన సూత్రాల్లో మళ్ళీ ఈ గుణకారమే వేరే వేషంలో కనబడింది. స్పిన్ అంటే బొంగరపు తిరుగుడు కాదు, ఎలక్ట్రాన్‌కి పుట్టుకతో వచ్చిన చిన్న అయస్కాంత గుణం. పైగా దాన్ని ఒక చుట్టు తిప్పితే మొదటి స్థితికి రాదు, రెండు చుట్లు తిప్పాలి. నమ్మకం కుదరకపోతే అరచేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని, ఒలక్కుండా, చంక కిందుగా ఒక చుట్టు తిప్పండి. గ్లాసు మామూలుగానే ఉంటుంది గాని చెయ్యి మెలిపడిపోతుంది. అదే దిశలో తల మీదుగా ఇంకో చుట్టు తిప్పితే మెలి విడిపోతుంది!

బరువైన పరమాణువులు

ఇక స్పిన్-ఆర్బిట్ ప్రభావం అంటే ఏమిటో చూద్దాం. మనకి సూర్యుడు మన చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాడు కదా. అలాగే ఎలక్ట్రాన్ వైపు నుంచి చూస్తే కేంద్రకమే తన చుట్టూ తిరుగుతున్నట్టుంటుంది. కేంద్రకానికి ధనావేశం ఉంది. తిరిగే ఆవేశం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్ స్పిన్ మీద పని చేస్తుంది. అంటే ఎలక్ట్రాన్ నడకకీ దాని స్పిన్‌కీ ముడి పడిందన్న మాట.

పరమాణువు బరువెక్కేకొద్దీ ఈ ముడి గట్టిపడుతుంది. పరమాణు సంఖ్య 14 ఉన్న సిలికాన్‌లో దీని వల్ల ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల మధ్య వచ్చే చీలిక 0.044 ఎలక్ట్రాన్ వోల్టులు. 32 ఉన్న జెర్మేనియంలో అది 0.29. ఇక పరమాణు సంఖ్య 83 ఉన్న బిస్మత్ లాంటి బరువైన మూలకాల్లో పదార్థం స్వభావాన్నే మార్చెయ్యగలదు.

లోపల ఒకటి, పైన ఒకటి

స్ఫటికం లోపల ఒక్కొక్క పరమాణువుకీ అన్ని పక్కలా ఇరుగుపొరుగు ఉంటుంది. ఉపరితలం దగ్గర ఆ వరస తెగిపోతుంది. అందువల్ల అక్కడ మాత్రమే నిలవగల ఎలక్ట్రాన్ స్థితులు ఏర్పడవచ్చని 1932లో టామ్, 1939లో షాక్లీ చూపించారు. మామూలుగా ఇవి సున్నితమైనవి, కాస్త మురికి పడితే చెదిరిపోతాయి.

2005లో కేన్, మెలే అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు, స్పిన్-ఆర్బిట్ ముడి తగినంత గట్టిగా ఉంటే అంచున పుట్టే స్థితులు అంత తేలిగ్గా చెదిరిపోవని లెక్క కట్టారు. 2007లో పాదరసం, టెల్లూరియం కలిసిన పలచని పొరలో ఇది ప్రయోగంలో రుజువైంది. 2009 నాటికి బిస్మత్ సెలినైడ్ లాంటి ఘనపదార్థాల్లోనూ కనబడింది. లోపల విద్యుత్ బంధకం, పైన వాహకం! వీటినే టోపోలాజికల్ ఇన్సులేటర్లు అంటున్నారు. ముక్కని విరగ్గొడితే ఆ కొత్త ముఖం మీద కూడా ఈ వాహక పొర ప్రత్యక్షమవుతుంది.

ఇక్కడ గుళ్ళో ప్రదక్షిణం గుర్తు తెచ్చుకోండి. సవ్యంగా తిరిగేవారి కుడిచెయ్యి గర్భగుడి వైపు ఉంటుంది. ఎదురు తిరిగితే ఎడమచెయ్యి అవుతుంది. ఏ చెయ్యి లోపలికి ఉందో చెబితే ఎటు నడుస్తున్నారో చెప్పెయ్యవచ్చు. ఈ ఉపరితలం మీద ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఆ చెయ్యి లాంటిది. నడిచే దిశని బట్టి స్పిన్ దిశ ఖాయమైపోతుంది. దారిలో స్తంభం లాంటి అడ్డంకి ఎదురైతే ఎలక్ట్రాన్ సరాసరి వెనక్కి తిరగలేదు, ఎందుకంటే తిరగాలంటే స్పిన్ కూడా తలకిందులు కావాలి. అయస్కాంత గుణం లేని మలినాలకి ఆ శక్తి లేదు. అలాగని నిరోధం సున్నా అని కాదు. పక్కకి మళ్ళడానికి అవకాశం ఉంది. నేరుగా వెనుదిరగడమే నిషిద్ధం.

మనకేం పని?

మా అమ్మాయి రెండో ప్రశ్నకి ఇప్పుడు వద్దాం. 2015లో ఐర్లండు వాడిన విద్యుత్తులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023లో అది 21 శాతం. ఆ ఏడు పట్టణాల్లోని ఇళ్ళన్నీ కలిసి వాడినది 18 శాతమే. చిప్‌లో ఆవేశాన్ని అటూ ఇటూ తోసినప్పుడల్లా కొంత శక్తి వేడిగా పోతుంది. ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తూ పోవడం ఇంతకాలం మనల్ని కాచింది. లీక్స్‌లిప్‌లో 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ఫ్యాబ్ 34 కూడా ఆ దారిలోదే. కాని ఆ దారి ఎల్లకాలం సాగదు.

2018 డిసెంబరులో ఇంటెల్, బెర్క్‌లీ పరిశోధకులు 'నేచర్' పత్రికలో మరో దారి సూచించారు. అందులో మొదటి పేరు శశికాంత్ మణిపాత్రుని. మన చెవికి పరాయిగా తోచని ఇంటిపేరే! వారి ఆలోచన ఇది: సమాచారాన్ని చిన్న అయస్కాంతం దిశగా దాచాలి. బిస్మత్ ఫెర్రైట్ అనే పదార్థం మీద కొద్దిపాటి వోల్టేజీతో ఆ దిశని మార్చాలి. దాన్ని చదవడానికి, స్పిన్-ఆర్బిట్ ముడి ఆధారంగా స్పిన్ ప్రవాహాన్ని ఆవేశ ప్రవాహంగా మార్చాలి. దీని వల్ల ఒక్కొక్క మార్పుకి పట్టే శక్తి 10 నుంచి 30 రెట్లు తగ్గవచ్చని వారి అంచనా. అంచనా అన్న మాట మరవకూడదు. లీక్స్‌లిప్‌లో తయారయ్యే చిప్‌లలో ఇది లేదు. ప్రయోగశాల గడప దాటడానికి ఎన్నో చిక్కులున్నాయి.

అయినా కాలువ గట్టున గీసిన గుణకారం దేనికి పనికొస్తుందో 1843లో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. ఏటా అక్టోబరు 16న మేనూత్ విశ్వవిద్యాలయం వారు డన్సింక్ నుంచి బ్రూమ్ వంతెన దాకా నడక నిర్వహిస్తూ వస్తున్నారు. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళండి. గ్లాసు తిప్పే విద్య దారిలో నేర్పవచ్చు. మా అమ్మాయి మూడోసారికి ఒలక్కుండా తిప్పింది. "మరి రెండు చుట్లే ఎందుకు నాన్నా?" అని అప్పుడే అడిగేసింది కూడా. దానికి జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.