చౌక రైఫిలు ఎవరి చేను కాస్తుంది?

పాకాల అడవి అంచున నర్సంపేట, ఖానాపురం, కొత్తగూడ, గూడూరు ప్రాంతాల్లో మక్క కంకి పాలు పట్టే నాటికి రైతుకు కంటి మీద కునుకుండదు. పొద్దుగూకితే చాలు, అడవి పందుల మంద చేన్లో దిగుతుంది. తినేది కొంత, తొక్కేది కొండంత. డబ్బాలు కొట్టినా, చుట్టూ పాత చీరలు కట్టినా, మంచె మీద తెల్లవార్లూ కావలి కాసినా పంట దక్కడం లేదు. "లైసెన్సు ఇస్తే చౌకలో ఒక రైఫిలు కొనుక్కుందుము గదా" అనే మాట అందుకే పుడుతున్నది. ఆ తుపాకీ సంగతేమిటో పేద రైతు కళ్లతో చూద్దాం.

మన దేశంలో చౌక రైఫిలంటే ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం చేసే పాయింటు 315 రకం. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి బందయింది. లక్షలు పలికే ఆ పాత విదేశీ రైఫిళ్ల పక్కన పెడితేనే ఇది చౌక. కీలు పాత లీ ఎన్‌ఫీల్డ్ సిపాయి తుపాకీదే. సైన్యం వాడే 303 తూటా జనం తుపాకుల్లో పనికిరాకూడదని తెల్లదొరల కాలంలో ఈ 315 తూటా వాడుకలోకి తెచ్చారు.

తుపాకీ గట్టిదే. అయిదు తూటాలు పడతాయి, గురి కుదిరితే పెద్ద పంది సైతం ఒక్క దెబ్బకు కూలుతుంది. గురి తప్పితేనే అసలు చిక్కు. రైఫిలు గుండు కిలోమీటరు దాటినా ప్రాణం తీయగలదు. మన చేన్లు చదును నేలలు, గుండును ఆపే గుట్ట ఉండదు. చీకట్లో నిలువెత్తు మక్క చేన్లోకి కాలిస్తే అవతల మిరప తోటలో కావలి ఉన్న కూలీ ఏమవ్వాలి? గొర్రెల మంద కాడ పడుకున్న గొల్లన్న ఏమవ్వాలి? పన్నెండు బోరు తుపాకీలో ఎల్.జి. తూటా వేస్తే దాని పని నలభై గజాల లోపలే. ఊళ్ల నడుమ అదే కొంత మేలు. ఇక మూతి నుంచి మందు దట్టించే భర్మారుది ఒకటే దెబ్బ. వానకు మందు చెమ్మగిల్లితే పేలదు. గాయపడ్డ పంది తిరగబడితే మళ్లీ దట్టించే వ్యవధి ఉండదు.

చట్టం ఏమంటుంది? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపుదలకు చెప్పింది భర్మారునే. అది చాలదని అధికారి నమ్మితే నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వవచ్చు. ఆ లెక్కలో రైఫిలు లేదు. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ శిక్షణ పొందిన పత్రం చూపాలి, భద్రంగా దాచే చోటు ఉండాలి. లైసెన్సు చేతికొచ్చినా పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వకమైన అనుమతి వేరే కావాలి. లైసెన్సు లేని తుపాకీ దొరికితే 2019 సవరణ తర్వాత రెండు నుంచి అయిదేండ్ల జైలు.

తుపాకీ, తూటాలు, శిక్షణ, ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల కూలి, అన్నీ కలిపితే కౌలు రైతుకు ఒక పంట రాబడి మిగలదు. చివరికి లైసెన్సు దొరికేది డబ్బూ, పలుకుబడీ ఉన్నవాడికే. తుపాకీ ఎవరి చేతిలో ఉంటుందన్నది ఈ గడ్డకు కొత్త ప్రశ్న కాదు. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాడు తుపాకులు గడీలో ఉన్నాయి, జనం చేతుల్లో కర్రలున్నాయి.

దారి లేని పేదవాడు ఏం చేస్తున్నాడు? మోటారు కాడి కరెంటును ఇనుప తీగకు కలిపి చేను చుట్టూ చుడుతున్నాడు. పంది కోసం పెట్టిన తీగకు నీళ్లు కట్టబోయిన రైతు బలవుతున్నాడు, పక్క చేను కూలీ బలవుతున్నాడు, కాడెద్దు కూలుతున్నది. ఒక ఇంట్లో శవం, మరో ఇంటి మనిషికి జైలు. రెండూ పేద ఇండ్లే. ఈ తీగ ఎవరూ పెట్టవద్దు, పెట్టనివ్వవద్దు.

2021లో తెలంగాణ ప్రభుత్వం పందులను కాల్చే అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు అప్పగించింది. అనుమతి కాగితం పందిని కాల్చదు. తుపాకీ, తూటా, గురి తెలిసిన మనిషి ఎవరి ఖర్చున రావాలన్నదే అసలు సంగతి. అడవీ ప్రభుత్వానిదే, అడవి జంతువును కాపాడే చట్టమూ ప్రభుత్వానిదే. ఆ జంతువు తిన్న పంట నష్టం మాత్రం రైతు ఒక్కడే ఎందుకు మోయాలి?

కాబట్టి చౌక రైఫిలు మాట పక్కన పెట్టి ఇవి అడగాలి: పందుల బెడద ఉన్న ప్రతి మండలానికీ శిక్షణ పొందిన షికారీలను సర్కారు ఖర్చుతోనే పంపాలి. కాల్చేముందు ఊళ్లో చాటింపు వేయించాలి. అడవి అంచు చేన్లకు ప్రాణం తీయని సోలారు కంచె పూర్తి సబ్సిడీతో ఇవ్వాలి. పంట నష్టపరిహారం పట్టాదారుకు కాదు, దున్నిన కౌలుదారుకే చెల్లించాలి. కావలి కాసి ప్రాణం పోగొట్టుకున్న కూలీ కుటుంబాన్నీ ఆదుకోవాలి.

ఒక్కొక్కడు ఒక్కో తుపాకీ కొంటే చేను దక్కదు. ఊరంతా ఒక్కటై అడిగితేనే దక్కుతుంది.