బ్లేడు ఎక్కడ అరుగుతోంది?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు తెలుగిళ్లలో గుడ్డకు కొదవ ఉండదు. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. చీరల పనిలో మిగిలే కత్తిరింపులను ఇక్కడ చిందీ అంటారు. ఆ చిందీతో అతుకుల బొంత కుట్టాలంటే ముక్కలన్నీ ఒకే కొలతలో రావాలి. అందుకు కత్తెర కన్నా, గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసే రోటరీ కట్టర్ మేలు. 1979లో జపాన్‌ కంపెనీ ఓల్ఫా తెచ్చిన పనిముట్టు ఇది. స్కేలు ఆనించి ఒక్క ఊపు నడిపిస్తే నాలుగు పొరలు తిన్నగా తెగుతాయి. చిక్కల్లా బ్లేడుతోనే. అది ఊరికే మొద్దుబారుతోందనీ, మార్చాలంటే ఖర్చనీ చాలామంది కట్టర్‌ను అటకెక్కిస్తారు. నిజానికి గుడ్డను కోసి బ్లేడు అరిగేది తక్కువ. తాకకూడనివాటిని తాకి పాడయ్యేదే ఎక్కువ.

మార్చేముందు ఒక పరీక్ష చేయండి. మీటరు గుడ్డ పరిచి ఆగకుండా కోయండి. తర్వాత రెండు ముక్కలనూ మెల్లగా విడదీస్తూ, తెగని పోగులు ఎక్కడెక్కడ ఉన్నాయో టేపుతో కొలవండి. 45 మిల్లీమీటర్ల బ్లేడు ఒక చుట్టు తిరిగితే సుమారు 14 సెంటీమీటర్లు నడుస్తుంది. పోగులు ప్రతి 14 సెంటీమీటర్లకూ ఒకచోట నిలిచి ఉంటే బ్లేడు అంచుకు నొక్కు పడిందని అర్థం. 60 మిల్లీమీటర్ల బ్లేడుకు ఆ ఎడం దాదాపు 19 సెంటీమీటర్లు, 28 దానికి 9. ఆ లెక్క లేకుండా ఎక్కడపడితే అక్కడ నిలిచి ఉంటే చేతి ఒత్తిడి సమంగా లేదేమో చూడండి. గుడ్డ కింద పరిచే మ్యాట్ మీద ఎప్పుడూ ఒకేచోట తెగకపోతే ఆ తప్పు మ్యాట్‌ది. కోత పొడవునా గట్టిగా నొక్కితేనే తెగుతుంటే మాత్రం బ్లేడు నిజంగానే అరిగింది.

నొక్కు ఒక్క క్షణంలో పడుతుంది. గుండుసూది మీదుగా వెళ్లినా, చీరకు అంటించిన స్టోన్ తగిలినా, స్టీలు స్కేలు అంచును రాసుకున్నా చాలు. లోహపు తీగతో చేసిన జరీ కూడా అంతే. జరీ అంచును కత్తెరతో వేరు చేశాకే కట్టర్ పట్టండి. వాటర్‌జెట్ మగ్గాల మీద నేసిన గుడ్డ అంచును వేడి తీగతో కోస్తారు. కరిగి గడ్డకట్టిన ఆ అంచు గోటికి గరుకుగా తగులుతుంది. దాన్నీ ముందే తీసేయడం మంచిది.

పాలిస్టర్ సంగతి వేరు. అందులో మనకు కనబడని గరుకు ఒకటుంది. పోగు మెరుపు తగ్గించడానికి తయారీలోనే టైటానియం డయాక్సైడ్ పొడి కలుపుతారు. సెమీ డల్ పోగులో అది బరువులో దాదాపు 0.3 శాతం ఉంటుంది, ఫుల్ డల్‌లో దానికి కొన్ని రెట్లు. పోగు నడిచేచోట ఉక్కుకు గాడి పడటం ట్విస్టింగ్ యంత్రాల దగ్గర పనిచేసినవాళ్లు ఎరిగినదే. అక్కడ సిరామిక్ గైడ్లు పెట్టేది అందుకే. ఆ పోగును అడ్డంగా కోసే బ్లేడుకూ అదే రాపిడి. కాబట్టి పాలిస్టర్‌కు ఒకటి, నూలు గుడ్డకు ఒకటి, రెండు బ్లేడులు పెట్టుకోండి. మధ్య రంధ్రం పక్కన మార్కర్‌తో చుక్క పెడితే కలిసిపోవు. పాలిస్టర్‌కు మొద్దుబారినది మరికొన్నాళ్లు కాగితాలకు పనికొస్తుంది. కాగితాలు కోసిన బ్లేడును మాత్రం మళ్లీ గుడ్డకు వాడకండి.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది శుభ్రం చేయడం. మర విప్పి, విడిభాగాలను తీసిన వరుసలోనే బల్ల మీద పెట్టుకోండి. బ్లేడుకూ ప్లాస్టిక్ కవచానికీ మధ్య పీచు ఉండకట్టి ఉంటుంది. పాలిస్టర్ పీచయితే మరీ గట్టిగా పట్టుకుంటుంది. అది అడ్డుపడితే బ్లేడు తిరగదు, ఈడ్చుకుంటూ పోతుంది. అప్పుడు అరుగుదలంతా అంచులో ఒక్కచోటే పడుతుంది. మెత్తని గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడవండి. కవచం రాసుకునేవైపు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాసి, మళ్లీ తుడిచేయండి. నూనె మిగిలితే గుడ్డకు మరక. మర మరీ బిగిస్తే బ్లేడు తిరగదు, వదులైతే ఊగుతుంది. కట్టర్‌ను మ్యాట్ మీద కొద్దిగా నెడితే బ్లేడు సులువుగా దొర్లేంత బిగింపు చాలు. కొత్త బ్లేడులు డబ్బాలో నూనెకు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెలియక రెండూ కలిపి బిగించి, కొత్త బ్లేడు కూడా తెగట్లేదనుకునేవాళ్లున్నారు.

మ్యాట్ మీద స్కేలు గీత దగ్గరే రోజూ కోస్తే అక్కడ గాడి పడి, పీచు నిండి, బ్లేడు దానిలోకి జారుతుంది. వారానికోసారి మ్యాట్‌ను అటూ ఇటూ తిప్పండి, గాడిలో పీచును మెత్తటి బ్రష్షుతో లాగేయండి. గాజు మీద, టైల్స్ మీద ఒక్కసారి కోసినా అంచు పోతుంది. ఎండ తగిలేచోట, ఇస్త్రీపెట్టె కింద పెడితే మ్యాట్ వంకరపోతుంది. వంకర మ్యాట్ మీద ఎంత మంచి బ్లేడయినా పోగులు వదిలేస్తుంది.

అల్యూమినియం రేకును పది మడతలు పెట్టి కోస్తే బ్లేడు పదునెక్కుతుందని అంటుంటారు. మెత్తని ఆ లోహానికి ఉక్కును సానపట్టే శక్తి లేదు. అంచున అంటిన మడ్డి కొంత పోయి, కాసేపు మెరుగైనట్టు అనిపించవచ్చు. గుడ్డల కార్ఖానాల్లో వాడే గుండ్రటి కరెంటు కట్టర్‌కు సానరాయి పక్కనే బిగించి ఉంటుంది, మీట నొక్కితే చాలు. ఆ బ్లేడు మందం, సాన తట్టుకుంటుంది. చేతి కట్టర్ బ్లేడు మందం 0.3 మిల్లీమీటర్లే. ఇంట్లో దాన్ని గుండ్రం చెడకుండా సానపట్టడం కష్టం. ఆ శ్రమను శుభ్రం చేయడం మీద పెట్టడమే నయం.

తాపీ ఒడ్డున ఉన్న సూరత్‌లో వానాకాలపు చెమ్మ ఎక్కువ. తుప్పు పట్టిన అంచు గుడ్డను కోయకుండా చింపుతుంది. పని అయ్యాక నూనెగుడ్డతో తుడిచి, కవచం మూసి, మూతబిగిసే డబ్బాలో ఉంచండి.

అరిగిన బ్లేడును చిందీ సంచిలోకి మాత్రం వేయకండి. ఆ సంచిని తర్వాత ఎవరో చేత్తో ఏరతారు. కొత్త బ్లేడు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పాతది పెట్టి, చుట్టూ టేపు వేసి, పైన బ్లేడు అని గుజరాతీలోనూ హిందీలోనూ రాసి చెత్త బండివాళ్ల చేతికి విడిగా ఇవ్వండి.