చెయ్యి మాయమైనా తెలియదు!

కళ్లకు బిగువుగా ఒక పెట్టె కట్టుకుంటారు. ఎదుట వంటిల్లు కనిపిస్తుంది. తల తిప్పితే గోడ, వంచితే నేల. నిజానికి మనిషి నిలబడ్డది ఖాళీ గదిలో. దీనినే వర్చువల్ రియాలిటీ అంటున్నారు. సినిమా అయితే కూర్చుని చూస్తాం. ఇక్కడ అలా కాదు, ఎదుట టమాటా కనబడితే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 1968లోనే తలకు తగిలించుకునే పరికరం చేసి చూపారు. అది పైకప్పు నుంచి వేలాడుతుండేది. అందులో కనిపించినవి ఉత్త గీతల బొమ్మలు.

చేతి సంగతి పట్టించుకున్న వారిలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని ఔల్‌కెమీ ల్యాబ్స్ వారిని ముందు చెప్పుకోవాలి. వారు 2016లో ‘జాబ్ సిమ్యులేటర్’ అనే ఆట విడుదల చేశారు. వంటవాడుగానో, కొట్టు గుమాస్తాగానో పని చేయడమే ఆట. ఆడేవారి చేతిలో ఒక పిడి ఉంటుంది. దాని మీట నొక్కితే వస్తువును పట్టుకున్నట్టు. మరి కత్తిని పట్టే తీరు వేరు, గ్లాసును పట్టే తీరు వేరు. వేళ్లు సరిగా అమరకపోతే కంటికి ఎబ్బెట్టు. వారొక ఉపాయం చేశారు. టమాటాను పట్టుకోగానే బొమ్మచేతిని మాయం చేసి, ఆ చోట టమాటాను మాత్రమే ఉంచారు. ఆశ్చర్యమేమంటే, ఆడేవారిలో చాలామంది చెయ్యి పోయిందని గమనించనే లేదు! కొడవలి పట్టినవాడు కోతను చూస్తాడు గాని పిడికిలిని చూడడు గదా.

కడుపులో తిప్పుట

నడక మాత్రం అంత తేలికగా లొంగలేదు. నాలుగడుగులు వేస్తే గది అయిపోతుంది. పోనీ అని మీట నొక్కి దృశ్యాన్ని కదిలిస్తే, కదులుతున్నామని కన్ను చెబుతుంది, లేదని లోచెవి చెబుతుంది. ఈ తగవులో కడుపు తిప్పుతుంది. ఘాట్ రోడ్డు బస్సులో వాంతులు చేసుకున్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అందుకని చాలా ఆటలలో నడిపించడం మాని, పిడితో చూపిన చోట ఒక్కసారిగా దింపుతున్నారు. అసలు గోడ దగ్గర పడితే కంటి ముందు గళ్ల తెర లేస్తుంది. అదే లేకపోతే మొహం పగలడమే!

2019లో ఓకులస్ క్వెస్ట్‌కు పిడి లేకుండా ఉత్త చేతులనే పోల్చుకునే ఏర్పాటు వచ్చింది. పెట్టెకున్న కెమెరాలు వేళ్లను కనిపెడతాయి. దాంతో మరో తంటా. గాలిలో కనబడే బొత్తాం నొక్కితే వేలికి ఏమీ తగలదు. నొక్కామో లేదో తెలియదు. అందుకే బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కే పద్ధతి తెచ్చారు. రెండు వేళ్లు ఒకదానికొకటి తగులుతాయి గనుక పని అయినట్టు చేతికే తెలుస్తుంది. ముగ్గుపిండి పట్టే ఆడవారికి ఈ పట్టు నేర్పే పనే లేదు.

అయినా చెయ్యి ఎత్తి ఎంతసేపు ఉంచగలం? భుజం లాగేస్తుంది. 2024లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో ఆ బాధ తగ్గించారు. కావలసిన దానివైపు చూపు తిప్పి, ఒళ్లో ఉన్న చేతి వేళ్లు కలిపితే చాలు. దానికి మొదట పెట్టిన ధర 3,499 డాలర్లు.