మీకు తెలుసా? వాల్వు యాంప్లిఫయర్ ‘గుంయ్’మంటే...
వాల్వు యాంప్లిఫయర్‌లో వినిపించే హమ్, తాను ఎక్కడ పుట్టిందో చాలావరకు తానే చెబుతుంది. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు 50 హెర్ట్జ్‌ది. రొద కూడా అంతే మంద్రంగా ఉంటే హీటరు తీగలనో, ఎర్త్ లూపునో, ట్రాన్స్‌ఫార్మరుకు మరీ దగ్గరగా పోయే సిగ్నల్ తీగనో అనుమానించాలి. సరిగ్గా ఒక స్థాయి పైన, 100 హెర్ట్జ్ దగ్గర, గరగరలాడుతుంటే దోషం ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లదే. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ 50ని రెట్టింపు చేస్తుంది, పాతబడిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆ అలలను చదును చేయలేదు. (ప్లగ్గు తీసేశాక కూడా ఆ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. తెలియనివాళ్లు లోపల చెయ్యి పెట్టకూడదు.)

వాల్యూమ్ తిప్పితే హమ్ కూడా హెచ్చుతగ్గులవుతోందా? అయితే దాని మూలం వాల్యూమ్ కంట్రోలుకు ముందే ఉంది. కొత్త వాల్వులకు డబ్బు పోసేముందు ఈ పరీక్ష తప్పక చేయండి.

వాల్వు మార్చేటప్పుడు పేరు చూసుకోండి: 12ఏఎక్స్7, 12ఏయూ7 వాల్వుల పిన్నులు ఒకే వరసలో ఉంటాయి. కానీ మొదటిదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, రెండోదానిది 20 లోపే. మొదటిదాని చోట రెండోది పెడితే హమ్ తగ్గినట్టే ఉంటుంది, దాంతోపాటు పాటా తగ్గుతుంది. బయాస్ కూడా కుదరదు.

మలార్డ్ కంపెనీ 5-10 యాంప్లిఫయర్ మొదటి దశలో ఈఎఫ్86 వాల్వు వాడింది హమ్‌ను తగ్గించడానికే: దాని హీటరును జంటతీగగా చుట్టారు, ఎలక్ట్రోడ్ల చుట్టూ లోపలే లోహపు కవచం అమర్చారు.