ఎనిమిది కిలోమీటర్ల గీత

మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డున సముద్రం ఊసెత్తితే వినేవాళ్లకు వింతగానే ఉంటుంది. కర్నూలు జిల్లాకు తీరం లేదు, రేవు లేదు. పుట్టి వేసుకుని ఏట్లో వల విసిరేవాళ్లే ఇక్కడి జాలరులు. అయినా బంగాళాఖాతం చేపల మీద భీమిలి వాసికి ఎంత హక్కుందో మంత్రాలయం వాసికీ అంతే ఉంది. పొలానికి పట్టా ఉంటుంది, చెరువుకు లీజు ఉంటుంది. సముద్రానికి రెండూ లేవు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, వేటను అదుపు చేసే అధికారం రాష్ట్రానిది. ఆపైన 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే 370 కిలోమీటర్ల దాకా కేంద్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 21వ అంశం, కేంద్ర జాబితా 57వ అంశం ఈ పంపకం చేశాయి. చేపలకు షెడ్యూలు సంగతి తెలియదు కాబట్టి అవి రెండు వైపులా తిరుగుతుంటాయి.

ఖర్చులోనూ రాయలసీమకు వాటా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఒకప్పుడు ఇది 47 రోజులే. ఆ రెండు నెలలు పస్తులుండకుండా రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఒకప్పటి 4,000 రూపాయలు 2019లో 10,000 అయింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో దాన్ని 20,000కు పెంచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆదోనిలో పత్తి అమ్మినవాడి పన్ను కూడా ఆ ఖజానాలోంచే వెళ్తుంది.

ఇంతకీ ఆ 61 రోజులు ఎందుకు? ఎవరిని అడిగినా చేపలు గుడ్లు పెట్టే కాలం కదా అంటారు. అది సగం నిజం. మన ఉష్ణమండల సముద్రాల్లో చాలా రకాలు ఏడాది పొడుగునా ఏదో ఒక మోతాదులో గుడ్లు పెడుతూనే ఉంటాయి. జన నిండిన చేప ఏప్రిల్‌లోనే కాదు, నవంబరులోనూ వలలో పడుతుంది. అందుకని అన్ని చేపలకూ సరిపడే ఒకే ప్రసూతి సెలవు కుదరదు. నిషేధం అసలు ప్రయోజనం వేరు. ఏడాదిలో ఆరో వంతు రోజులు మరబోట్లు, ఇంజను తెప్పలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి వేట ఒత్తిడి మొత్తంగా తగ్గుతుంది. పిల్ల చేపలకు రెండు నెలలు ఎదిగే వ్యవధి దొరుకుతుంది.

చల్లటి దేశాల్లో ఇలా చేయరు. అక్కడ ఒక్కో చేపకు ఏడాదికి ఇన్ని టన్నులే పట్టాలని కోటా కడతారు. వలలో పడేది ఒకటి రెండు రకాలే అయితే ఆ లెక్క నడుస్తుంది. విశాఖ హార్బరులో ట్రాలు బోటు దింపిన కుప్పను చూస్తే ఆ ఆశ వదులుకోవాలి. కోనెం, చందువ, సావడ, టేకు, రొయ్య, పీత, పేరు తెలియని చిన్నా చితకా అన్నీ కలగలిసి ఉంటాయి. వీటిలో ఒకదాని కోటా అయిపోయిందని వలకు చెప్పలేం. అందుకే మన దేశంలో అదుపు చేసేది చేపల్ని కాదు, వేటను: ఎన్ని బోట్లు, ఎన్ని రోజులు, ఎంత దూరం, వల కన్ను ఎంత.

అదుపు చేయాలంటే ముందు లెక్క తెలియాలి. ఆంధ్ర తీరం పాత కొలత ప్రకారం 974 కిలోమీటర్లు. 2010 గణనలో 555 మత్స్యకార గ్రామాలు, చేపలు దించే రేవులు 353 తేలాయి. ప్రతి రేవులో ప్రతి బోటునూ తూకం వేయడం ఎవరి తరమూ కాదు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దీనికి నమూనా పద్ధతి కట్టింది. లాటరీలో వచ్చిన రేవుకు సంస్థ మనిషి మధ్యాహ్నం 12కు చేరి సాయంత్రం 6 దాకా ఉంటాడు. మర్నాడు ఉదయం 6 నుంచి 12 దాకా మళ్లీ కూర్చుంటాడు. మధ్యలో రాత్రి ఏ బోట్లు వచ్చాయో, ఏం దించాయో రేవులో వాళ్లను అడిగి రాసుకుంటాడు. వేలం పాట జోరులో, ఐసు పెట్టెల మధ్య, ఎవరి తొందర వాళ్లది అన్నట్టున్న ఆ గోలలో రాసుకున్న కాగితాలే చివరికి దేశం మొత్తం అంచనాగా మారతాయి. అంటే ఆ లెక్కలో కొంత భాగం ఎప్పుడూ మత్స్యకారుడి నోటి మాటే.

అదే సంస్థ 2022 పరిస్థితి మీద చేసిన మదింపులో 135 చేపల నిల్వలను పరిశీలించి వాటిలో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని తేల్చింది. రేవులో ఈ మాట అంటే నవ్వుతారు. ఒకప్పుడు కంటికి ఒడ్డు ఆనే దూరంలో దొరికిన చేప కోసం ఇప్పుడు ఎంతో దూరం పోవాల్సి వస్తోందని అంటారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. ఇద్దరూ కొలిచేది వేర్వేరు సంగతుల్ని.

గుంపులుగా తిరిగే చేపలతో ఒక చిక్కుంది. కవళ్లు, కానాగంతలు వంటివి వేలకు వేలు ఒకే చోట చేరి తిరుగుతాయి. సముద్రంలో మొత్తం సంఖ్య సగానికి పడిపోయినా గుంపు మాత్రం అంతే ఒత్తుగా ఉండొచ్చు. గుంపుల సంఖ్య తగ్గుతుంది, ఉన్న గుంపు సాంద్రత తగ్గదు. దాన్ని వెతికి పట్టుకునే సాధనాలున్న పెద్ద బోటుకు ప్రతి ట్రిప్పులోనూ వల నిండుతూనే ఉంటుంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడినీ, నీటిలోని పత్రహరితాన్నీ కొలిచి చేపలు ఎక్కడ చేరే అవకాశం ఉందో ఫోన్లకు పంపుతుంది. డీజిలు ఖర్చు తగ్గే మంచి పని అది. కానీ వెతకడం సులువయ్యే కొద్దీ ఒక్కో బోటుకు పడిన చేపను చూసి సముద్రంలో ఎంత మిగిలిందో చెప్పడం కష్టమవుతుంది.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరం ఈ పొరపాటుకు భారీ మూల్యం చెల్లించింది. అక్కడి కాడ్ చేపను అయిదు శతాబ్దాలు పట్టారు. 1980ల్లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు పెద్ద ట్రాలర్ల దిగుబడిని చూసి నిల్వలు పెరుగుతున్నాయని లెక్క వేశారు. ఒడ్డు దగ్గర బోను వలలు కట్టుకునే చిన్న మత్స్యకారులు మాత్రం చేప తగ్గిందని, పడ్డది కూడా చిన్నదైపోయిందని మొత్తుకున్నారు. చదువులేని వాళ్ల గోల అన్నట్టుగా ఆ మాట పక్కకు పోయింది. 1992 జులై 2న ప్రభుత్వం వేటను పూర్తిగా ఆపేసింది. సుమారు 30,000 మంది బతుకుతెరువు ఒక్క ప్రకటనతో పోయింది. వాణిజ్య వేట మళ్లీ తెరిచింది 2024లో, అదీ కొద్ది మోతాదుకే. చేప కదిలి తన దగ్గరికి వస్తేనే పట్టుకోగల చిన్న మత్స్యకారుడికే లోటు ముందు తెలుస్తుంది. ట్రాలరు వెళ్లి వెతుక్కుంటుంది, కాబట్టి దానికి ఆఖరున తెలుస్తుంది.

ఇప్పుడు విశాఖ సంగతి. రింగు వల అంటే నీళ్లలో తెరలా దించి చేపల గుంపు చుట్టూ తిప్పేది. అడుగున ఉన్న తాడు లాగితే బొడ్డు సంచి మూతి బిగిసినట్టు కింద మూసుకుపోతుంది. గుంపుకు గుంపే పైకొస్తుంది. కన్ను చిన్నదైతే పిల్ల చేపలూ తప్పించుకోలేవు. దీన్ని తీరం నుంచి 8 కిలోమీటర్లు దాటాకే వేయాలన్నది రాష్ట్ర నిబంధన. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం ఇలాంటి గీతలు గీయడానికే వచ్చింది. ఒడ్డు దగ్గరి నీళ్లు చిన్న తెప్పలవాళ్లకు వదలాలన్నది దాని సారం. 2022 జనవరి 4న పెద్ద జాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య రింగు వలల మీద రాజుకుంటున్న గొడవ నడిసముద్రంలో భగ్గుమంది. బోట్లు తగలబడ్డాయి. ఊళ్లలో 144వ సెక్షను పెట్టారు. తర్వాత అప్పటి మత్స్యశాఖ మంత్రి సీదిరి అప్పలరాజు ఇరువర్గాలతో చర్చలు జరిపారు.

రెండు ఊళ్లూ విశాఖ నగరంలోనివే. రింగు వల వేసినవాడు కార్పొరేటు కంపెనీ కాదు, అప్పు చేసి వల కొన్న జాలరే. గీత సంగతి అతనికి తెలుసు. కానీ నీళ్ల మీద గీత కనిపించదు. కానాగంతల గుంపు ఆరో కిలోమీటరులో తేలితే ఎనిమిదో కిలోమీటరు దాకా ఆగమని దాన్ని బతిమాలలేడు. మరోవైపు సంప్రదాయ వలల వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నది అచ్చంగా న్యూఫౌండ్‌లాండ్ చిన్న మత్స్యకారుల మాటే. దాన్ని శాంతిభద్రతల ఫైలులో పెట్టారు తప్ప చేపల నిల్వల ఫైలులో పెట్టలేదేమో అనిపిస్తుంది.

గీతను అందరూ పాటించే చోట్లు కూడా ఉన్నాయి. ఆంధ్ర, తమిళనాడు పంచుకునే పులికాట్ సరస్సులో రొయ్యల వేటకు మంచి చోట్లను జాలరి గ్రామాలు తరతరాలుగా వంతుల మీద వాడుకుంటున్నాయి. చీటీలు తీసి ఎవరు ఏ రోజు ఎక్కడ వల కట్టాలో తేల్చుకుంటారు. ఈరోజు చెడ్డ చోటు వచ్చినవాడికి రేపు మంచి చోటు వస్తుంది. దొంగతనంగా వల కడితే పట్టుకునేది పోలీసు కాదు, ఆ రోజు వంతు పోగొట్టుకున్నవాడు. నెల్లూరు తీరంలో పట్టపు కులపెద్దలు వేసే దురాయికి, అంటే కట్టుబాటుకు కూడా అలాంటి బలమే ఉంది. ఇలా అనగానే పాత కట్టుబాట్లన్నీ బంగారమని కాదు. వంతుల్లో ఒక కులానికే చోటుంటుంది, ఆడవాళ్లకు అసలే ఉండదు. దురాయి కాదన్నవాడిని ఊరంతా వెలివేసిన సందర్భాలూ ఉన్నాయి.

మరి ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య దారి ఎలా ఉండాలి? అమెరికా 1976 చట్టంతో ఎనిమిది ప్రాంతీయ మండళ్లు పెట్టింది. మత్స్యకారులు, రాష్ట్రాల అధికారులు కలిసి బహిరంగంగా కూర్చుంటారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని విమర్శలు వచ్చాక, శాస్త్రీయ సంఘం చెప్పిన పరిమితిని మండలి దాటకూడదని 2006లో సవరణ తెచ్చారు. కేరళ 2017 సవరణతో గ్రామం, జిల్లా, రాష్ట్రం అని మూడంచెల మత్స్య నిర్వహణ మండళ్లకు చట్టంలో చోటిచ్చింది. మన దగ్గర గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడు ఉన్నాడు. నిషేధం మొదలైన రోజుల్లో రేవుకు వచ్చి బోటు పక్కన కలాసీలను నిలబెట్టి పేర్లు రాసుకుంటాడు. భృతి జాబితాను సచివాలయం గోడకు అంటించి అభ్యంతరాలు అడుగుతారు. అది మంచి పద్ధతే. అయితే అక్కడ అడిగేది డబ్బు ఎవరికి రావాలన్నదే. ఈ ఏడు ఏ వల ఎక్కడ వేయొచ్చన్నది గోడ మీద పెట్టి అడగరు.

రాయలసీమకు నేరుగా తగిలే సంగతి మరొకటుంది. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు సీమ రైతుల గుండెలు గుభేలుమన్నాయి. నీళ్లు సముద్రం పాలవుతాయన్నది అందరి బాధ. కరువు నేలకు ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆ నీళ్లు మంత్రాలయం దాటి, కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర మడ అడవుల్లోకి చేరితే వాటికీ అక్కడ పనుంది. టైగరు రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ఏటి మొగల్లోని ఉప్పుతగ్గిన నీటికి వచ్చి, మడ వేళ్ల మధ్య ఎదిగి మళ్లీ సముద్రానికి పోతాయి. ఏరు తెచ్చే ఒండ్రు, పోషకాలు అక్కడి తిండి. కరువు ఏళ్లలో ప్రకాశం బ్యారేజీ కిందికి దాదాపు చుక్క వదలరు. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాలు పంచినప్పుడు ఎదుట కూర్చున్నవి మూడు రాష్ట్రాల ప్రభుత్వాలు. కృష్ణ సముద్రంలో కలిసే చోటి నాగాయలంక మత్స్యకారుడు అందులో కక్షిదారు కాడు.

2025 నవంబరులో కేంద్రం తన పరిధిలోని లోతు సముద్రానికి కొత్త నియమాలు తెచ్చింది. మరబోట్లు ఆన్‌లైనులో పాసు తీసుకోవాలి. సహకార సంఘాలకు ప్రాధాన్యం. ఎల్‌ఈడీ దీపాలతో చేపల్ని ఆకర్షించి పట్టడం కుదరదు. చిన్న సంప్రదాయ పడవలకు పాసు అక్కర్లేదు. పాసు బోటు పేరున వస్తుంది కాబట్టి పట్టిన చేప లెక్క రాసే లాగ్ పుస్తకంలో మాట్లాడేది యజమాని. హార్బరు మెట్ల మీద గంపలు దించుకుని, ఏ చేప ఎంత చిన్నదైపోయిందో వేలం పాటలోనే పసిగట్టే ఆడవాళ్ల మాట ఇప్పటికి ఏ ఫారంలోనూ రాయడం లేదు.